అంచుల భారాలు మార్చి, లాప్లాసియన్ ఐగెన్ విలువల్లో గ్రాఫ్ సౌష్ఠవాన్ని గుర్తించడం ఎలా

ఒక గ్రాఫ్‌కు (శీర్షాలనే బిందువులను అంచులనే గీతలతో కలిపిన నిర్మాణానికి) లాప్లాసియన్ మాత్రిక రాసి, ఐగెన్ విలువలు (మాత్రికతో గుణించినప్పుడు ఒక సున్నా కాని సదిశ తన గుణిజంగానే మారితే ఆ గుణకం ఐగెన్ విలువ, ఆ సదిశ ఐగెన్ సదిశ) లెక్కించి, వాటిలో ఏదైనా విలువ రెండుసార్లు వస్తే వెంటనే “ఈ గ్రాఫ్‌లో సౌష్ఠవం ఉంది, అందుకే ఈ విలువ మళ్లీ వచ్చింది” అని రాసేయడం చాలామంది విద్యార్థులకు అలవాటు. ఆ మాట కొన్ని గ్రాఫ్‌ల విషయంలో నిజం, మరికొన్నింటి విషయంలో పూర్తిగా తప్పు. సౌష్ఠవం కారణంగా తప్పనిసరిగా కలిసి ఉండే ఐగెన్ విలువలు వేరు, లెక్కలో అనుకోకుండా ఒకచోట కలిసిన విలువలు వేరు. ఈ రెండింటినీ విడదీయడానికి నాకు తెలిసినంతలో అన్నిటికన్నా నమ్మకమైన మార్గం, సౌష్ఠవాన్ని చెడగొట్టకుండా అంచుల భారాలను మార్చి, ఏ జంట నిలుస్తుందో, ఏ జంట విడిపోతుందో చూడటమే. ఇంటర్మీడియట్ స్థాయి మాత్రికలు, నిర్ధారకాలు తెలిసినవారు కాగితం, కలం తీసుకుని ఈ పద్ధతిని మొదటినుంచి చివరిదాకా చేసుకోవచ్చు.

మాత్రికను రాయడం, సరిచూసుకోవడం

ప్రతి అంచుకూ ఒక ధన సంఖ్యను భారంగా ఇవ్వండి. లాప్లాసియన్ మాత్రికలో ఒక శీర్షానికి చెందిన వికర్ణ మూలకం, ఆ శీర్షాన్ని తాకే అంచుల భారాల మొత్తం. రెండు వేర్వేరు శీర్షాలకు చెందిన మూలకం, వాటి మధ్య అంచు ఉంటే ఆ భారానికి రుణ సంఖ్య, అంచు లేకపోతే 0. అన్ని భారాలూ 1 అయితే ఇది పాఠ్యపుస్తకాల్లో కనిపించే మామూలు లాప్లాసియనే. ఈ మాత్రిక అసలు స్వభావం దాని వర్గ రూపంలో తెలుస్తుంది: శీర్షాల మీద ఏవైనా సంఖ్యలు రాసుకుంటే, ప్రతి అంచుకూ రెండు చివర్ల సంఖ్యల తేడాను వర్గం చేసి, ఆ అంచు భారంతో గుణించి, అన్నిటినీ కూడితే వచ్చేదే ఆ వర్గ రూపం విలువ. ఇందులో ఏ పదమూ రుణాత్మకం కాదు కాబట్టి ఐగెన్ విలువలేవీ 0 కంటే తక్కువ కావు. అన్ని శీర్షాల మీదా ఒకే సంఖ్య రాస్తే మొత్తం 0 అవుతుంది కాబట్టి 0 ఎప్పుడూ ఒక ఐగెన్ విలువే. గ్రాఫ్ అంతా ఒకే ముక్కగా ఉంటే 0 ఒక్కసారే వస్తుంది.

చేతితో లెక్కించేవారికి రెండు సరిచూపులు ఎంతో అక్కరకొస్తాయి. ఐగెన్ విలువల మొత్తం మాత్రిక జాడకు (వికర్ణ మూలకాల మొత్తానికి), అంటే అంచుల భారాల మొత్తానికి రెట్టింపుకు సమానం కావాలి. 0 కాని ఐగెన్ విలువల లబ్ధాన్ని శీర్షాల సంఖ్యతో భాగిస్తే, ప్రతి స్పానింగ్ ట్రీలోని (వలయం ఏర్పడకుండా అన్ని శీర్షాలనూ కలిపే అంచుల సమితిలోని) భారాల లబ్ధాన్ని తీసుకుని అన్ని ట్రీలకూ కూడగా వచ్చే సంఖ్య రావాలి. ఈ రెండోది 1847లో కిర్కాఫ్ విద్యుత్ వలయాల మీద చేసిన పని నుంచి వచ్చిన సిద్ధాంతం. చిన్న గ్రాఫ్‌లలో ఈ రెండు సమీకరణాలతోనే తెలియని రెండు ఐగెన్ విలువలను రాబట్టవచ్చు. ఉదాహరణకు ఒక కేంద్రానికి మూడు ఆకులున్న నక్షత్ర గ్రాఫ్‌లో అంచుల భారాలు 1, 1, 2 అనుకోండి. భారం 1 ఉన్న రెండు ఆకుల మీద 1, −1 రాసి, మిగిలిన చోట్ల 0 రాస్తే అది ఐగెన్ సదిశ, విలువ 1. జాడ 8 కాబట్టి మిగిలిన రెండింటి మొత్తం 7. స్పానింగ్ ట్రీ ఒక్కటే, దాని భారాల లబ్ధం 2, శీర్షాలు 4 కాబట్టి మిగిలిన రెండింటి లబ్ధం 8. వర్గ సమీకరణాన్ని సాధిస్తే ఆ రెండూ సుమారు 1.438, 5.562 అని తేలుతుంది.

సౌష్ఠవాన్ని భారాలతో కలిపి చూడటం

భారాలున్న గ్రాఫ్‌లో సౌష్ఠవం అంటే, శీర్షాలను చోటు మార్చినా ప్రతి అంచూ అదే భారం ఉన్న అంచు మీదికే వెళ్లే ప్రస్తారం. ఇక్కడ ఒక విషయాన్ని గట్టిగా గుర్తుంచుకోవాలి: భారాలు మారితే సౌష్ఠవాల సమూహమే మారుతుంది. బొమ్మలో చతురస్రంలా కనిపించినంత మాత్రాన దానికి చతురస్ర సౌష్ఠవాలన్నీ ఉన్నట్టు కాదు. భారాలు ఇవ్వని గ్రాఫ్ సౌష్ఠవాలను ముందు రాసుకుని, వాటి కింద ఏ అంచు ఏ అంచు మీదికి వెళ్లగలదో చూసి, అంచులను గుంపులుగా విడగొట్టండి. ఒక్కో గుంపును కక్ష్య అంటారు. ఒక కక్ష్యలోని అంచులన్నిటికీ ఒకే భారం ఇస్తే పాత సౌష్ఠవాలన్నీ నిలుస్తాయి. ఒక కక్ష్య లోపలే తేడా చూపితే వాటిలో కొన్ని పోతాయి.

సౌష్ఠవం ఐగెన్ విలువలను ఎలా కట్టివేస్తుందో కొద్దిపాటి తర్కంతో తెలుసుకోవచ్చు. సౌష్ఠవ ప్రస్తారాన్ని మాత్రికగా రాసి లాప్లాసియన్‌తో గుణిస్తే, ఎటునుంచి గుణించినా ఒకే ఫలితం వస్తుంది. కాబట్టి ఒక ఐగెన్ సదిశకు ఆ ప్రస్తారాన్ని వర్తింపజేస్తే వచ్చేది కూడా అదే ఐగెన్ విలువకు చెందిన ఐగెన్ సదిశే. ఆ ఐగెన్ విలువ ఒక్కసారే వచ్చిందనుకుంటే, కొత్త సదిశ పాతదానికి గుణిజం తప్ప వేరొకటి కాలేదు. పొడవు మారదు కాబట్టి అది పాతదే అవుతుంది లేదా దాని రుణ రూపం అవుతుంది. ఐగెన్ విలువలన్నీ ఒక్కొక్కసారే వచ్చే గ్రాఫ్‌లో ప్రతి సౌష్ఠవాన్నీ రెండుసార్లు వర్తింపజేస్తే మొదటి స్థితికే తిరిగి రావాలన్నమాట. పక్కపక్క మాత్రిక (అంచు ఉన్న జంటకు 1, లేని జంటకు 0 రాసే మాత్రిక) విషయంలో ఈ ఫలితాన్ని 1969లో మొవ్‌షొవిట్జ్ ఒకవైపు, పీటర్స్‌డార్ఫ్, జాక్స్ మరోవైపు ప్రకటించారు. పై తర్కం లాప్లాసియన్‌కూ, భారాలున్న గ్రాఫ్‌లకూ ఏ మార్పూ లేకుండా పనికొస్తుంది. దీన్ని తిప్పి చెబితే, మూడు లేదా అంతకన్నా ఎక్కువసార్లు వర్తింపజేస్తేనే మొదటికి వచ్చే సౌష్ఠవం గ్రాఫ్‌లో ఉంటే, ఏదో ఒక ఐగెన్ విలువ తప్పకుండా మళ్లీ వస్తుంది.

దీని విపర్యయం నిజం కాదు. 36 శీర్షాలుండి, ప్రతి శీర్షానికీ 15 అంచులుండి, ఏ రెండు శీర్షాలు తీసుకున్నా సరిగ్గా 6 ఉమ్మడి పొరుగు శీర్షాలుండే గ్రాఫ్‌లు మొత్తం 32,548 ఉన్నాయని మెక్‌కే, స్పెన్స్ లెక్క తేల్చారు. వాటన్నిటికీ లాప్లాసియన్ ఐగెన్ విలువలు ఒకటే: 0 ఒకసారి, 12 పదిహేనుసార్లు, 18 ఇరవైసార్లు. వాటిలో, ఏమీ కదపకపోవడం తప్ప ఒక్క సౌష్ఠవమైనా లేనివి ఎన్నో ఉన్నాయి.

నాలుగు శీర్షాలతో ఒక పూర్తి పరీక్ష

అంత పెద్ద గ్రాఫ్‌ల దాకా వెళ్లనక్కరలేదు. అ, ఆ, ఇ, ఈ అనే నాలుగు శీర్షాలు తీసుకుని, ఇ–ఈ జంటను తప్ప మిగిలిన ప్రతి జంటనూ కలపండి. కర్ణం ఒక్కటే గీసిన చతురస్రంలా ఉంటుంది. అన్ని భారాలూ 1 అయితే ఐగెన్ విలువలు 0, 2, 4, 4. ఈ 4 రెండుసార్లు రావడానికి సౌష్ఠవమే కారణమా అన్నది ప్రశ్న.

ఈ గ్రాఫ్ సౌష్ఠవాలు నాలుగే: ఏమీ కదపకపోవడం, అ ఆలను తారుమారు చేయడం, ఇ ఈలను తారుమారు చేయడం, రెండూ కలిపి చేయడం. వీటిలో ప్రతిదాన్నీ రెండుసార్లు చేస్తే మొదటికి వస్తాం. అంచులకు కక్ష్యలు రెండు: మధ్యలో ఉన్న అ–ఆ అంచు ఒక్కటే ఒక కక్ష్య, బయటి నాలుగు అంచులూ మరో కక్ష్య. మధ్య అంచు భారాన్ని మ అని, బయటి అంచుల భారాన్ని బ అని పిలుద్దాం. ఐగెన్ సదిశలను వెతకడానికి నిర్ధారకాన్ని విస్తరించనక్కరలేదు. సౌష్ఠవమే వాటిని చేతికి అందిస్తుంది. శీర్షాలను అ, ఆ, ఇ, ఈ క్రమంలో రాస్తే, (1, −1, 0, 0) అనే సదిశకు విలువ 2బ + 2మ. (0, 0, 1, −1)కు 2బ. (1, 1, −1, −1)కు 4బ. అన్నీ 1 అయినదానికి 0. మొత్తం 8బ + 2మ, అది భారాల మొత్తమైన 4బ + మకు సరిగ్గా రెట్టింపు.

బను 1 దగ్గరే ఉంచి మను 1 నుంచి 1.1కు మార్చండి. సౌష్ఠవాల్లో ఒక్కటీ పోలేదు. అయినా 4, 4 అనే జంట 4, 4.2గా విడిపోయింది. కాబట్టి మొదటి జంట సౌష్ఠవం వల్ల వచ్చింది కాదు; 2బ + 2మ అనే గీత, 4బ అనే గీత మ = బ అయినచోట ఖండించుకున్నాయి, అంతే. ఇదే గ్రాఫ్‌లో మను మెల్లగా తగ్గించి 0 చేయండి. మధ్య అంచు మాయమై శుద్ధమైన చతురస్రం మిగులుతుంది, ఐగెన్ విలువలు 0, 2బ, 2బ, 4బ అవుతాయి. ఇక్కడ కలిసిన జంట వేరే జాతికి చెందింది. చతురస్రానికి సౌష్ఠవాలు ఎనిమిది. వాటిలో అ నుంచి ఇకి, ఇ నుంచి ఆకి, ఆ నుంచి ఈకి, ఈ నుంచి అకి తిప్పే నాలుగో వంతు భ్రమణం (1, −1, 0, 0)ను (0, 0, 1, −1) మీదికి తీసుకుపోతుంది. ఒకటి ఇంకొకటిగా మారుతుంటే వాటి విలువలు వేరుగా ఉండే వీలే లేదు. బను ఎంత మార్చినా ఈ జంట విడిపోదు.

దీన్నుంచి ఏ గ్రాఫ్‌కైనా పనికొచ్చే పరీక్ష వస్తుంది. మళ్లీ వచ్చిన ఐగెన్ విలువకు చెందిన ఐగెన్ సదిశలన్నిటినీ ఒక ప్రదేశంగా తీసుకుని, సౌష్ఠవాలన్నీ వాటిని ఎలా కలుపుతున్నాయో చూడండి. సౌష్ఠవాలన్నీ తమలోనే ఉంచే చిన్న ముక్కలుగా ఆ ప్రదేశాన్ని విడగొట్టగలిగితే, ఆ కలయికకు సౌష్ఠవం హామీ లేదు. విడగొట్టలేకపోతే, అది తప్పనిసరి కలయిక. చేతితో ఇది కష్టమనిపిస్తే, ఒక్కో అంచు కక్ష్యకూ ఒక్కో కొత్త భారం, అదీ 1, 1.37, 2.11 వంటి పొంతనలేని సంఖ్య ఇచ్చి మళ్లీ లెక్కించండి. విడిపోయిన జంట సౌష్ఠవం వల్ల వచ్చింది కాదని అక్కడికక్కడే రుజువైనట్టే. నిలిచిన జంట సాధారణంగా సౌష్ఠవానిదే, కానీ నిలవడం ఒక్కటే రుజువు కాదు. దాన్ని సదిశల దగ్గరికి వెళ్లి నిర్ధారించుకోవాలి. అంచులన్నీ ఒకే కక్ష్యలో ఉన్న గ్రాఫ్‌లో ఈ భారాల పరీక్షకు పనే ఉండదు, ఎందుకంటే అక్కడ భారం మార్చడమంటే ఐగెన్ విలువలన్నిటినీ ఒకే సంఖ్యతో గుణించడమే.

సౌష్ఠవం చెడితే ఏమవుతుంది

త్రిభుజం దీనికి చక్కని ఉదాహరణ, ఎందుకంటే సూత్రం మొత్తం ఒక్క పంక్తిలో దొరుకుతుంది. మూడు అంచుల భారాలు క, గ, చ అయితే, 0 కాని రెండు ఐగెన్ విలువల సగటు క + గ + చ; వాటి మధ్య దూరం, క² + గ² + చ² − కగ − గచ − చక అనే సంఖ్య వర్గమూలానికి రెట్టింపు. మూడూ సమానమైతేనే ఆ దూరం 0. రెండు భారాలను 1 దగ్గర ఉంచి మూడోదైన చను మాత్రమే కదిపితే, ఐగెన్ విలువలు 3, 1 + 2చ. చ 1ను దాటేటప్పుడు ఈ రెండూ ఒకదాన్నొకటి ఖండించుకుని ముందుకు సాగుతాయి. సమాన భారాలున్న రెండు అంచులను తారుమారు చేసే సౌష్ఠవం కింద ఒకదాని సదిశ గుర్తు మార్చుకుంటుంది, మరొకదానిది మార్చుకోదు; అందువల్ల ఆ సదిశలు ఒకదానిలో ఒకటి కలగలిసిపోవు.

ఇప్పుడు ఆ తారుమారు సౌష్ఠవాన్ని కావాలనే చెడగొట్టి, సమానంగా ఉన్న రెండు భారాలను 1.1, 0.9 చేయండి. దూరం 2√((1 − చ)² + 0.03) అవుతుంది. చ ఏ విలువ తీసుకున్నా అది సుమారు 0.346 కన్నా తగ్గదు. దగ్గరికి వచ్చిన రెండు విలువలు తాకకుండానే తప్పుకుంటాయి, ఆ క్రమంలో వాటి సదిశలు స్వభావాలను మార్చుకుంటాయి. 1929లో ఫాన్ నోయ్‌మన్, విగ్నర్ దీని మూల కారణాన్ని చూపారు: వాస్తవ సౌష్ఠవ మాత్రికలో రెండు ఐగెన్ విలువలు కలవాలంటే రెండు స్వతంత్ర షరతులు నెరవేరాలి, కాబట్టి ఒక్క భారాన్ని కదిపినంత మాత్రాన సాధారణంగా కలయిక దొరకదు. సౌష్ఠవం ఆ షరతుల్లో ఒకదాన్ని ముందే తీర్చిపెడితే, రెండోదాన్ని ఒక్క భారంతో తీర్చవచ్చు. గ్రాఫ్‌లో భారాన్ని మారుస్తూ ఐగెన్ విలువల గీతలు గీసినప్పుడు ఎక్కడైనా అవి ఖండించుకుంటే సౌష్ఠవం కోసం వెతకమని, దగ్గరకొచ్చి వంగి తప్పుకుంటే సౌష్ఠవం చెడిందని అనుమానించమని నేను చెప్పేది ఇందుకే.

ఒకే అంచు భారాన్ని మార్చినప్పుడు ఏ విలువ ఎంత కదులుతుందో కూడా ముందే చెప్పవచ్చు. ఒక్కసారే వచ్చే ఐగెన్ విలువ కదిలే వేగం, ఏకాంక పొడవున్న దాని సదిశలో ఆ అంచు రెండు చివర్ల విలువల తేడాకు వర్గం. భారం పెరిగితే ఏ విలువా తగ్గదు. రెండుసార్లు వచ్చిన విలువలో కనీసం ఒక ప్రతి కదలకుండా మిగులుతుంది. అన్ని భారాలూ 1 ఉన్న చతురస్రంలో ఒక అంచును మాత్రం 2 చేస్తే, 0, 2, 2, 4 కాస్తా 0, 2, 4 − √2, 4 + √2 అవుతుంది. మిగిలిన ఒకే అద్దపు సౌష్ఠవం కింద మారని సదిశల్లో ఆ అంచు రెండు చివర్లలో ఒకే సంఖ్య ఉంటుంది, అందుకే 0, 2 చలించలేదు. గుర్తు మార్చుకునే సదిశల జంటే మొత్తం భారాన్ని మోసింది.

కంప్యూటర్‌తో చేసేటప్పుడు

పైథాన్ గణన లైబ్రరీ అయిన నమ్‌పైలో సౌష్ఠవ మాత్రికల కోసం ఉద్దేశించిన ఐగ్‌హెచ్ ఆదేశాన్నే వాడండి. అది వాస్తవ సంఖ్యలను ఆరోహణ క్రమంలో ఇస్తుంది. రెండు విలువలు సమానమా అని నేరుగా అడగకూడదు. అతి పెద్ద ఐగెన్ విలువలో వంద కోట్లో వంతు లోపు తేడా ఉంటే సమానమని తీసుకోవడం చిన్న, మధ్యస్థ గ్రాఫ్‌లకు సరిపోతుంది. విలువ మళ్లీ వచ్చినచోట యంత్రం ఇచ్చే సదిశలు ఆ ప్రదేశంలో ఏవో రెండు మాత్రమే, వాటి రూపాన్ని బట్టి ఏ నిర్ణయానికీ రాకండి. రెండుసార్లు చేస్తే మొదటికి వచ్చే సౌష్ఠవం తెలిసి ఉంటే, దాని ప్రస్తార మాత్రికలో వెయ్యో వంతును లాప్లాసియన్‌కు కలిపి లెక్కించండి. గుర్తు మార్చుకునే సదిశలు, మార్చుకోనివి విడివిడిగా బయటపడతాయి. పైన చూసిన కర్ణం ఉన్న చతురస్రంలో 4, 4 జంట, అ ఆలను తారుమారు చేసే సౌష్ఠవంతో ఇలా చేయగానే 4.001, 3.999గా తేలి, ఏ సదిశ ఏ వర్గానిదో చూపిస్తుంది.

సౌష్ఠవాలను వెతకడానికి మెక్‌కే రాసిన నౌటీ ప్రోగ్రామ్ ఉంది. అది శీర్షాల రంగులను అర్థం చేసుకుంటుంది. అంచుల భారాలను దానికి చెప్పాలంటే, ప్రతి అంచు మధ్యలో ఒక కొత్త శీర్షాన్ని పెట్టి, ఒకే భారం ఉన్నవాటికి ఒకే రంగు ఇవ్వాలి. సేజ్‌మ్యాథ్ అనే గణిత సాఫ్ట్‌వేర్‌లోనైతే అంచుల పేర్లను లెక్కలోకి తీసుకోమని అడగవచ్చు. రెండింటిలోనూ జాగ్రత్త పడవలసింది భారాల విషయంలోనే: 0.1, 0.2 కూడగా వచ్చినది, నేరుగా 0.3 అని రాసినది యంత్రానికి వేర్వేరు సంఖ్యలు, దాంతో ఉన్న సౌష్ఠవం లేనట్టు తేలుతుంది. భారాలను పూర్ణాంకాలుగానో భిన్నాలుగానో మార్చుకున్నాకే సౌష్ఠవం వెతకండి.

మంచి భారాలను ఎంచుకోవడం

గ్రాఫ్ ఎంత గట్టిగా అల్లుకుని ఉందో కొలవడానికి, 1973లో ఫీడ్లర్ చూపినట్టు, రెండో అతి చిన్న ఐగెన్ విలువను వాడతారు. మొత్తం భారం ఇంత అని నిర్ణయించి, ఈ విలువను వీలైనంత పెంచమని అడిగితే సౌష్ఠవం పనిని బాగా తగ్గిస్తుంది. ఏ భారాలు ఎంచుకున్నా, ఒక్కో కక్ష్యలో వాటి సగటు తీసి అన్ని అంచులకూ అదే ఇస్తే ఆ విలువ తగ్గదు, ఎందుకంటే భారాల మీద అది పుటాకార ప్రమేయం. కాబట్టి కక్ష్యకు ఒక్క చలరాశి చొప్పున వెతికితే చాలు. బాయిడ్, డయకోనిస్, పరీలో, షావ్ 2009లో మార్కొవ్ గొలుసుల (శీర్షం నుంచి శీర్షానికి యాదృచ్ఛికంగా సాగే నడకల) వేగం పెంచే సమస్యకు ఇదే మెట్టును పెద్ద గ్రాఫ్‌ల మీద వాడారు.

కర్ణం ఉన్న చతురస్రానికి మొత్తం భారం 5 అనుకుందాం, అంటే 4బ + మ = 5. 0 తర్వాతి అతి చిన్న ఐగెన్ విలువ 2బ. దాన్ని పెంచాలంటే బను 1.25 దాకా తీసుకుపోవాలి, అప్పుడు మ 0 అవుతుంది. అన్ని భారాలూ 1 ఉన్నప్పుడు 2గా ఉన్న విలువ 2.5కు చేరుతుంది. సరిగ్గా ఆ చోటే 2బ + 2మ కూడా 2.5కు దిగివచ్చి దానితో కలుస్తుంది, నాలుగు సౌష్ఠవాల గ్రాఫ్ ఎనిమిది సౌష్ఠవాల గ్రాఫ్‌గా మారుతుంది. ఉత్తమ భారాల దగ్గర ఐగెన్ విలువలు ఇలా వచ్చి కలవడం తరచుగా జరిగేదే. రెండు విలువలు కలిసినచోట రెండో ఐగెన్ విలువకు అవకలజం లేకపోవచ్చు, అందుచేత వాలును అనుసరించి ఎక్కే మామూలు పద్ధతులు అక్కడ అటూ ఇటూ ఊగుతూ నిలవలేకపోవచ్చు. అటువంటప్పుడు సెమీడెఫినిట్ ప్రోగ్రామింగ్ (మాత్రిక ఐగెన్ విలువలేవీ 0 కంటే తగ్గకూడదన్న షరతుతో ఉత్తమ విలువను వెతికే పద్ధతి) వాడండి. కక్ష్యల వల్ల చలరాశులు ముందే తగ్గి ఉంటాయి కాబట్టి పెద్ద గ్రాఫ్‌లకు కూడా ఆ లెక్క అందుబాటులోనే ఉంటుంది.